ఆఖరి ముప్పై కిలోమీటర్లు

అట్ల చెప్పొద్దు వదినా. అన్న పోయిన కాడ్నుంచి, పలకరింపుకు వచ్చినోళ్లందరికీ 'పాపం, మా శేఖర్‌కు టయానికి విమానం దొరకల్యా' అంటాండావు. మూడు దినాలుగా వింటాండా. వినేకొద్దీ నా మింద నాకే రోత పుడతాండాది.

లేస్తాండావెందుకు? కాఫీ ఏమొద్దు. కూసో. కూసోని విను.

పొద్దున యామిని సెల్లు తెచ్చి చూపిచ్చె. 'చిన్నాయనా, ఢిల్లీ నుంచి హైదరాబాదుకు పన్నెండు నూర్ల యాభై కిలోమీటర్లంట, రెండుంపావు గంటలంట. ఆడ్నుంచి కడపకు ఒక గంటంట. మరి నీకు సాయంత్రం దాకా ఎందుకు పట్టె?' అనె. తప్పు పట్టి కాదు. నాయన చితికి తన చేత్తో నిప్పు పెట్టిన పాప, ఊరికే తెలుసుకుందామని అడిగింది.

నేనేం చెప్పల్ల? ఢిల్లీలో పొగమంచు, విమానం లేటాయ, హైదరాబాదులో ఇంగొకటి తప్పిపాయ అని చెప్తి. పాప తల ఊపె. నా నోరు నాకే కంపు కొట్టె.

ఏ విమానమూ తప్పలేదు వదినా. పొద్దున ఆరింటికి ఎక్కితి, పదకొండుకంతా కడపలో దిగితి. ఆడ్నుంచి ఎర్రగుంట్ల ఎంత? ముప్పై కిలోమీటర్లు. ఆటోలో వచ్చినా గంట పట్టదు.

ఆటో ఎక్కల్యా.

ఎందుకంటావా? నీకు అన్న చెప్పిండడులే. సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ముకు రొమ్ము చెడినాక, ఉగాది కాడ్నుంచి నాకు మూడుసార్లు ఫోను చేసె. 'ఒరే శేఖరా, మీ ఢిల్లీలో పెద్దాసుపత్రి ఉండాదంట గదా, ఒక్కసారి చూపిచ్చురా' అని. మూడుసార్లూ, కడప బండల లోడు దిగుతాండాదిన్నా, వచ్చే నెల రా అంటి. ఏ లోడూ లేదు. గోడౌన్లో ఫ్యాను కింద కాళ్లు చాపుకోని ఉంటి. నెల దినాలు ఆ దగ్గు నా ఇంట్లో వినల్ల గదా అని... థూ.

మూడోసారి 'సరేలేరా, నీకు పనుండాది' అనె. మల్లా చెయ్యలేదు.

ఆ మొగం ఎట్ల చూసేది? విమానాశ్రయం బయట రోడ్డు పక్కన హోటల్లో కూసుంటి. అన్న ఈడ ఐసుపెట్టెలో నాకోసరం ఉండె. నువ్వు ఫోను మింద ఫోను చేస్తివి. 'యాడుండావప్పా, ఎత్తుదామంటాండారు' అంటివి. ఇంగా హైదరాబాదులోనే ఉండా వదినా అంటి. రెండింటికి ఎత్తిన్యారని నువ్వే చెప్తివి. మూడు దాటినాక, ఇంగ బూడిదే ఉంటాదిలే అనుకున్న్యాక, ఆటోను పిలిస్తి.

ఏమట్ల చూస్తావు? ఆడ కూసోని ఏడ్చింటాననుకుంటాండావా?

ఏడవల్యా. ఆకలాయ. కారం దోసె చెప్తి. తిని ఇంగొకటి చెప్తి. మా అన్న కాలుతాండె, నేను వేళ్లు నాక్కుంటాంటి.

శానా బాగుండె వదినా, ఆ దోసె.