సూదిమందు పాట

(పళ్ల డాక్టరు గది. వాలుకుర్చీలో గాయకుడు, ఎదురుగా డాక్టరు, ట్రే పట్టుకుని నర్సు. గాయకుడి భార్య బయట బెంచీ మీద కూర్చుని ఉంది.)

“పన్ను రాయిలా ఉంది నాయనా. దీనికి సూది దేనికి?”

“పన్నుకి కాదు డాక్టరుగారూ, పాటకి. రేపు కచేరీ. ఆరువేల మంది వస్తున్నారు.”

“పాటకి సూదేమిటయ్యా!”

“తెలీనట్టు మాట్లాడకండి. పోయినేడు ఇదే కుర్చీలో పన్నునొప్పితో కూర్చున్నానా? మీరు సూది వేసి, దవడలో దూది కుక్కి పంపించారా? అట్నుంచి అటే స్టూడియోకి పోయాను. ‘వెళ్లిపోకే వెన్నెలా’ అని పాడాలి. నోరు తెరిస్తే ఏమొచ్చింది?”

“నాకు తెలుసు సార్! ‘ఎయ్యిఓయే ఎన్నెయా!’ మా చంటాడికి అమ్మా అనడం రాదు గానీ ఇది వచ్చు.”

“చూశారా, మీ నర్సమ్మే చెబుతోంది! సంగీత దర్శకుడు తల బాదుకున్నాడు. మళ్లీ పాడదాం అన్నాడు. నిర్మాతేమో కళ్లు తుడుచుకుంటూ, దాని జోలికెళితే ఊరుకోనన్నాడు. ఆ తర్వాత బస్సుల్లో అదే, క్షవరం షాపుల్లో అదే. ఒకాయన దాని అర్థం మీద నలభై పేజీల పుస్తకం రాశాడు. ‘ఎన్నెయా’ అంటే ప్రాచీన భాషలో విరహం అట.”

“మరింకేం?”

“ఇంకేం అంటారేమిటి! ఆర్నెల్లుగా ప్రతి కచేరీకి ముందూ ఆ ఊళ్లో పళ్ల డాక్టరెవరో చూసి సూది వేయించుకుంటున్నానా, పెదవి మొద్దుబారుతోంది, చొంగ కారుతోంది. అంతే! ఆ ఏడుపు మాత్రం రావట్లేదు. మొన్నటి సభలో జనం నవ్వారు డాక్టరుగారూ! ఒకావిడ నవ్వలేక నవ్వలేక పక్కావిడ ఒళ్లో పడిపోయింది. రేపు కూడా నవ్వారో, ఇక నన్ను పిలిచే నాథుడుండడు. నాకు ఆ రోజు వేసిన మందే కావాలి.”

“ఆ మందు… ఇప్పుడు రావట్లేదు.”

“ఏ కంపెనీది?”

“కంపెనీ అంటే… పాతది.”

“పేరు చెప్పండి, నేను వెతుక్కుంటా.”

“పేరెందుకులే నాయనా.”

“పోనీ, పన్ను పీకండి.”

“ఏ పన్ను?”

“మీ ఇష్టం. వెనకదైతే ఫొటోల్లో పడదు.”

“డాక్టరుగారూ, చెప్పేయండి. పాపం, మంచి పన్ను.”

“నువ్వూరుకో నర్సమ్మా.”

“ఏం చెప్పాలి? ఏంటది నర్సమ్మా?”

“ఉప్పునీళ్లు సార్.”

“ఏం నీళ్లు?”

“ఉప్పునీళ్లే నాయనా. నీ పన్నుకి ఆ రోజు కూడా ఏ రోగమూ లేదు. నేనింకా నోరు తెరవమననైనా లేదు, కూర్చుంటూనే పన్ను మీద నెపం పెట్టి వెక్కివెక్కి ఏడ్చావు. నీ ఏడుపు విని బయటున్నవాళ్లలో ఇద్దరు లేచిపోయారు. మిగతావాళ్లూ పోతారేమోనని ఉత్త ఉప్పునీళ్లు గుచ్చి, దూది పెట్టి పంపించాను. నిజం చెప్పు. ఆ పొద్దున ఇంట్లో ఏం జరిగింది?”

“ఏమీ జరగలేదు.”

“మీ ఆవిడ?”

“ఊరెళ్లింది.”

“ఎన్ని పెట్టెలతో?”

“రెండు. …కుట్టుమిషనుతో.”

“కుట్టుమిషను కూడానా!”

“నా గొంతు మిషను చప్పుడులా ఉందంది. నీ మిషనే నయమా అన్నాను. మాటకి మాట… సరే, అయిపోయిందిగా! పాట బయటికొచ్చిన నాలుగోరోజు తనే తిరిగొచ్చింది. నా పాట విని కరిగిపోయింది. ఇప్పుడు హాయిగా ఉన్నాం. హాయిగా ఉన్నవాణ్ని ఏడవమంటే ఏడుపు ఎక్కణ్నుంచి తేను?”

“నర్సమ్మా, బయట కూర్చున్న వాళ్లావిణ్ని పిలు.”

“రండమ్మా, లోపలికి రండి.”

“ఏమైంది డాక్టరుగారూ, పీకేశారా?”

“లేదమ్మా. మా మాటలు వినపడ్డాయా?”

“ఆ తలుపు అట్టముక్కలా ఉంది, వినపడక చస్తుందా! ఏమండీ, నేను మీ పాట విని వచ్చానని ఎవరు చెప్పారు?”

“మరి?”

“మిషను సూదుల డబ్బా మరిచిపోయాను. దానికోసం వచ్చాను. తీసుకుని పోదామంటే వాన పట్టుకుంది. తర్వాత బద్ధకమేసింది.”

“ఏడాదిగా బద్ధకమేనా?”

“ఈమధ్యే వదిలింది. రేపు మీ కచేరీ కాగానే బయల్దేరదామనుకుంటున్నా.”

“పోతావా? నిజంగానా? ఎ… ఎయ్యి… ఎయ్యిఓయే…”

“డాక్టరుగారూ, అదే! అచ్చం అదే గొంతు! నా ఒళ్లు జలదరిస్తోంది చూడండి!”

“వింటున్నా నర్సమ్మా! నాయనా, లే, రిహార్సలుకి పరిగెత్తు. దారిలో ఎవరితోనూ మాట్లాడకు, ఓదారుస్తారు!”

“ఎన్నెయా… ఎయ్యిఓయే…”

“వెళ్లిపోయాడు సార్. మెట్ల మీద కూడా అదే పాట.”

“తలుపెయ్యి. ఏంటమ్మా ఇది, నిజంగానే వెళ్లిపోతావా?”

“ఎక్కడికి పోతాను డాక్టరుగారూ! తిరిగొచ్చిన ఆ రోజు బట్టల కొట్టుకని బస్సెక్కితే అందులో ఆ పాట వేశాడు. ఆయన ఏడుపు నాకు తెలీదా? దిగాల్సినచోట దిగకుండా తిన్నగా ఇంటికొచ్చేశాను. కచేరీ అయ్యేదాకా మాత్రం ఈ సంగతి ఆయన చెవిన పడనీకండి.”