స్తామాతిస్ ఆపిన గోడ

సీమీ దీవికి మూడు రోజులుగా ఓడ రాలేదు. కొండ మీద వరసలు వరసలుగా ఉన్న పసుపు, గులాబీ, నీలం ఇళ్లన్నీ వానకు నాని ఒకే బూడిద రంగులోకి దిగిపోయాయి. రేవులో అనార్గిరోస్ కాఫీకొట్లో నలుగురే ఉన్నారు. అందులో ఒకడు ముసలి తాపీమేస్త్రి స్తామాతిస్. నోరు తెరిస్తే మూయడు.

"ఆ రోజు కప్తాను పసుపు ఇంటికి రంగు వేస్తున్నానా, భూమి కదిలింది. ముఖద్వారం పైన మూడుమూలల శిఖరం ఉంటుంది చూడు, అది గోడతో సహా ఊగింది. ఇదిగో, ఈ ఎడం చేత్తో ఆపాను. అంతే, పెద్ద గొప్పేం కాదు."

"ఒంటి చేత్తోనే, మామా?" అన్నాడు జాలరి పాంతెలీస్, కన్ను గీటుతూ.

"రెండో చేతిలో కుంచె ఉందిగదరా! దింపితే రంగు ఎండిపోదూ?"

అందరూ నవ్వారు. అప్పుడే థెమెలీనా తలుపు తోసుకుని వచ్చింది. ఓడ కోసం చూసి చూసి తడిసిపోయింది పాపం. ముప్పై ఏళ్లుగా ఆ కొట్టు గడప తొక్కలేదామె. స్తామాతిస్ ఆమెను చూశాడు. ఇప్పుడు కథ ఆపితే ఎందుకాపావని అడుగుతారు. అందుకని ఇంకా గట్టిగా ఎత్తుకున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? శిఖరం మీదికి గులాబీ ఇల్లు వాలింది, దాని మీదికి నీలం ఇల్లు, అలా ఒకదాని మీద ఒకటి పడి కొండ కొండంతా వచ్చి నా వీపు మీద కూర్చుంది! మూడు పగళ్లు మోశాను. మా ఆవిడ నోట్లో ఆలివు కాయలు పెడితే నమిలాను. పాదిరిగారైతే నన్ను చర్చి స్తంభమనుకుని నా ముందు కొవ్వొత్తి వెలిగించి పోయారు!"

"గడ్డం కాలలేదా?" అన్నాడు అనార్గిరోస్.

"కాలింది! ఆ పొగకి తుమ్మొచ్చింది. తుమ్మితే ఊరు పోతుందని మింగేశాను. నేను మింగితే అవతల ఒడ్డున టర్కీ కొండ తుమ్మింది! మొత్తానికి ఒక్క పెంకు రాలలేదు, ఒక్క ప్రాణం పోలేదు."

ఆ మాట నోరు దాటాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు.

"ఒకటి పోయింది," అంది థెమెలీనా.

నవ్వులు ఆగిపోయాయి.

"కొండంతా మోశావు గదా స్తామాతిస్, మా నికీతాస్ ఒక్కడి మీదే ఎందుకు పడిందయ్యా ఆ గోడ? అదే పరంజా మీద నీ పక్కనే గదా ఉన్నాడు?"

స్తామాతిస్ ఎడం చెయ్యి బల్ల కిందికి దించేశాడు.

"దూకినందుకు నిన్నేమీ అనను. ఎవరైనా దూకుతారు. కానీ ముప్పై ఏళ్లుగా ఈ కిటికీ పక్కన పోతూ వింటున్నాను. రోజూ ఆ గోడ ఆపుతావు, వీళ్లు నవ్వుతారు. అక్కడ మా ఆయన కూడా ఉన్నాడని ఒక్కసారైనా చెప్పవేం?"

స్తామాతిస్ ఆమె వైపు తిరిగాడు. "'గోడ పట్టుకోరా' అన్నాడు, వదినా. వినపడింది. దూకేశాను."

థెమెలీనా కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"ఇంకేమన్నాడు?"

"ఇంకేమీ అనలేదు," అన్నాడు స్తామాతిస్. దానికి ఒక్క ముక్క కూడా కలపలేదు.