చేపలకి ఊపిరి నేర్పిన గేటు మావయ్య

సముద్రానికి కూతవేటు దూరంలో పెద్ద మంచినీళ్ళ మడుగు. దాంట్లోకి కాలవ నీళ్ళు వదిలే గేటుకి కాపలాదారు ఒకాయన. అసలు పేరు ఆఫీసు కాగితాల్లోనే ఉండిపోయింది, ఊరందరికీ ఆయన గేటు మావయ్యే.

ఆ రోజు పొద్దున్నే గట్టు మీద నడుస్తుంటే చేపలన్నీ పైకి తేలి, నోళ్ళు తెరుస్తూ మూస్తూ కనిపించాయి. ఎండలు ముదిరితే అంతే. నీళ్ళు వేడెక్కి, అడుగున నాచు కుళ్ళి, చేపకి గాలి చాలదు. గేటెత్తి కొత్త నీళ్ళు వదిలితే తేరుకుంటాయి. ఆ సంగతి మావయ్యకి తెలుసు. తెలిసే, గుండె గుభేలుమని, గేటు వైపు పోకుండా తిన్నగా టీకొట్టుకొచ్చి బల్ల మీద చతికిలబడ్డాడు.

"చేపలు పైకొచ్చేశాయి మావా, గేటెత్తవా?" అన్నాడు జాలరి. వరసకి మేనల్లుడు. ఆ మడుగే అతని బతుకు. వల బాగుచేస్తున్న చేతులు ఆగిపోయాయి.

"ఇదొక లెక్కట్రా? రెండేళ్ళ కిందటి ఎండల ముందు ఇదెంత! అప్పుడు చిటికెనవేలు నీళ్ళలో ముంచి నాలిక్కి రాసుకున్నాను. ఇంకో గంటలో చేపలకి ఊపిరాడదని తేలిపోయింది. వెళ్ళి గేటెత్తాను."

"అంతేనా?" అంది టీకొట్టామె.

ఆ 'అంతేనా' మావయ్యకి ఎక్కడో గుచ్చుకుంది.

"అంతే అయితే నేనెందుకు చెప్తానమ్మా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? కాలవలో చుక్క లేదు. ఇక లాభం లేదని తెడ్డు పుచ్చుకుని, నువ్వు టీ తిరగబోస్తావు చూడు, అలా మడుగుని తిరగబోశాను. గాలి కలవాలిగా మరి! మూడు రోజులు కూడూ లేదు, కునుకూ లేదు. నాలుగో రోజుకి నురగే నురగ, అవతలి గట్టు కనపడితే ఒట్టు!"

"చేతులు ఊడిపోలేదా అన్నయ్యా?"

"ఊడితే ఈ గ్లాసు ఎవరు పట్టుకున్నారు? విను. ఇంతలో సముద్రం పోటెత్తి ఉప్పునీళ్ళు ఎగదన్నాయి. ఇవేమో మంచినీళ్ళ చేపలాయె, కళ్ళు మండి ఒకటే ఏడుపు. చూడలేకపోయాను. మోకాల్లోతు దిగి ఆ ఉప్పునీళ్ళన్నీ తాగేశాను."

"మొత్తం?"

"మొత్తం తాగితే సముద్రానికేం మిగుల్తుందిరా? మన మడుగు మేరకే! ఈనాటికీ మీ అత్త కూరలో ఉప్పు వెయ్యదు, నా చెయ్యి తగిలితే చాలు."

టీకొట్టామె నవ్వుతో పొలమారి దగ్గింది. మావయ్యకి పొద్దుటి దడ ఎటు పోయిందో పోయింది.

"అక్కడితో ఆగిందా? వానలొచ్చాయి. తొలి వరద బురదంతా పొలాల్లో కొట్టిన పురుగుమందులే. చేపలు హడలిపోయి గట్టెక్కి రోడ్డు మీదకొచ్చేశాయి. ముందు కొరమీను. దానికి పైగాలి పీల్చడం వచ్చుగా, మిగతావాటికి నేర్పించమన్నాను. వరసగా నించోబెట్టి, పీల్చు... వదులు... పీల్చు... వదులు! రెండు బస్సులు ఆగిపోయాయి. చలికాలమొచ్చి నీళ్ళు తేటపడేదాకా అన్నీ మా వరండాలోనే. జెల్లచేపలకి జలుబు చేస్తే మీ అత్త ఆవిరి పట్టింది!"

బల్ల చివర ఒకమ్మాయి సీసాల పెట్టె పక్కన పెట్టుకుని టీ తాగుతోంది. బస్సు కోసం ఆగిందనుకున్నాడు మావయ్య.

"ఒక చిన్న అనుమానమండీ," అంది.

"పది అడుగమ్మా!"

"గేటు ఎలా ఎత్తారు?"

"చక్రం తిప్పి. ఒంటి చేత్తో!"

"నేను నీళ్ళు పరీక్ష చేసే ఆఫీసు నుంచి వచ్చాను. ఇప్పుడే ఆ గేటు చూసొస్తున్నాను. చక్రం తుప్పుపట్టి బిగుసుకుపోయింది, దాని మీద పిట్ట గూడు కట్టుకుంది. పక్కన గ్రీజు డబ్బా ఉంది, అయిదేళ్ళ కిందటిది, సీలు కూడా విప్పలేదు. అన్ని ఉప్పునీళ్ళు తాగిన మీకు డబ్బా మూత తియ్యడానికి ఓపిక లేకపోయిందా?"

జాలరి వల కిందపడేసి లేచాడు. "మావా, మడుగు చచ్చిపోతోంది. పద."

గడ్డపారలు పట్టుకుని నలుగురూ వెళ్ళారు. పిట్ట గూడు జాగ్రత్తగా తీసి చెట్టు మీద పెట్టారు. డబ్బా సీలు మావయ్యే విప్పాడు. మోచేతుల దాకా గ్రీజు పూసుకుని, అందరితో పాటు చక్రానికి వేలాడాడు. మధ్యాహ్నానికి కిర్రుమని కదిలింది. కాలవ నీళ్ళు బుసబుసమంటూ మడుగులోకి దూకాయి. చిన్నచేపలు చాలా అప్పటికే చచ్చి తేలిపోయాయి. బతికినవి మాత్రం ఆ కొత్త నీళ్ళ వైపు గుంపులుగా మళ్ళాయి.

మావయ్య ఆయాసపడుతూ గట్టు మీద కూలబడ్డాడు. తేలిన చేపల వైపు చూడలేక తల తిప్పుకున్నాడు.

గ్రీజు చేత్తో గేటు చూపిస్తూ, "ఏమైనా మూరెడు లేపాం," అన్నాడు.

అమ్మాయి వంగి టేపు పెట్టి చూసింది.

"బెత్తెడు," అంది.