పసుపంటే లెక్కలేని ఫిలోమెనా

ఆదివారం, భోజనానికి ముందు ఒక గ్లాసు వెర్మూత్ వైను తాగే వేళ. మాద్రిద్‌లో నాటకాలవాళ్ళు చేరే ఆ హోటల్లో కిటికీ పక్క బల్ల, అందరూ మర్యాదగా దోన్యా అని పిలిచే ముసలి నటి ఫిలోమెనాది. ఆమె చేతికి వేషం వచ్చి చాలా ఏళ్ళయింది. ఇవాళ ఐతోర్ అనే కుర్ర దర్శకుడు తనే వెతుక్కుంటూ వచ్చాడు.

"మూడో అంకంలో బామ్మ పసుపు గౌనులో చనిపోవాలి," అన్నాడు. "ఊళ్ళో ఒక్క నటి కూడా ఒప్పుకోవడం లేదు."

ఎందుకు ఒప్పుకుంటారు? వేదిక మీద పసుపు కనిపిస్తే నాటకం మట్టి కొట్టుకుపోతుందనీ, తొడుక్కున్న మనిషి పైకి పోతుందనీ అక్కడి నటుల నమ్మకం.

ఫిలోమెనా ఆలివ్ కాయల పళ్ళెం తన వైపు లాక్కుంది.

"పసుపా? ఓస్, ఇంతేనా! నా కథ విను నాయనా. సరగోసాలో నాటకం. నేనింకా చిన్నపిల్లని. పనిమనిషి వేషం, పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టి పోవాలి, అంతే. ఆ రోజు మా బట్టల పెట్టె రైల్లో వేరే ఊరికి పోయింది. మిగిలిందల్లా ఒక పసుపు గౌను. అందరూ శిలువ గుర్తు వేసుకుని గోడకి అతుక్కుపోయారు. నేను మాత్రం ఇలా పడెయ్యండని తొడుక్కున్నాను."

"పళ్ళెం కూడా పడేశావా?" అంది పక్కనున్న సతుర్నినా. ఇద్దరూ కలిసి మేకప్ గదులు పంచుకున్న పాత స్నేహితురాళ్ళు. సతుర్నినా సంతలో కొన్న వస్తువుల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నోర్ముయ్యి సతూర్! పళ్ళెం పెట్టానో లేదో జనం లేచి చప్పట్లు. నన్ను చూసి కథానాయికకి మాట పడిపోయింది. ఏం చెయ్యను? ఆవిడ మాటలూ నేనే చెప్పాను, నా మాటలూ నేనే చెప్పాను. నన్ను నేనే తిట్టి, నా కాళ్ళు నేనే పట్టుకున్నాను. ఆఖర్న ఆవిడ విషం తాగి చావాలి, ఆ చావూ నేనే చచ్చాను. తర్వాత ఏం జరిగిందనుకుంటున్నారు? జనం ఒప్పుకోలేదు. మళ్ళీ చావమన్నారు! లేచి మళ్ళీ చచ్చాను. ఇంకోసారన్నారు. వేదిక ముందు గూట్లో కూర్చుని మాటలందించే ముసలాయన ఏడ్చి ఏడ్చి ఆ గూడు నీళ్ళతో నిండిపోతే, చంకల్లో చేతులేసి పైకి లాగారు. ముందు వరసలో డాక్టరు నా నాడి చూసి, పోయిందని టోపీ తీసేశాడు. ఫాదర్ గారు పరుగెత్తుకొచ్చి కడపటి ప్రార్థన చదివేశారు. ఇప్పటికీ ఆ చర్చిలో నా ఆత్మశాంతికి ఏటా ప్రార్థన జరుగుతుంది. నేనే వెళ్ళి కొవ్వొత్తి వెలిగించి వస్తాను."

"మీ ఆత్మకి మీరేనా, దోన్యా ఫిలో?" అన్నాడు ఐతోర్.

"ఇంకెవరున్నారు నాయనా నాకు? తర్వాత సినిమాలు. అల్మెరియా ఎడారిలో తుపాకుల సినిమా. హీరో చస్తే నేను ఏడవాలి. మెడ నుంచి మడమ దాకా పసుపు! ఎండిపోయిన వాగు పక్కన కూర్చోబెట్టారు. మొదలుపెట్టాను. అంతే, వాగు పారింది! హీరో గుర్రం ఈదుకుంటూ పోయింది. చచ్చి పడున్న హీరో మునిగిపోతాడని లేచి చెట్టెక్కాడు. దర్శకుడు పడవ మీంచి కట్ కట్ అని అరుస్తాడు, ఎక్కడ ఆగుతుంది? సాయంత్రానికి ఊరివాళ్ళు అందులో సార్డిన్ చేపలు పట్టుకున్నారు."

"కన్నీళ్ళు ఉప్పగా ఉంటాయి కదా, సముద్రం చేపలే పడతాయి," అన్నాడు గ్లాసులు తెచ్చిన వెయిటర్ ఎలాదియో.

"చూశావా, తెలిసినవాడు! ఆ సినిమా ఇక్కడ ఆడినప్పుడు ముందు వరసవాళ్ళు గొడుగులు తెచ్చుకున్నారు. అదీ ఒక లెక్కా! అదే గౌనులో రైల్లో తిరిగొస్తున్నాను. కూయెంకా దగ్గర పొద్దుతిరుగుడు తోటలు. ఆ పువ్వులన్నీ సూర్యుణ్ణి వదిలేసి నా కిటికీ వైపు తిరిగాయి! రైలు పోతుంటే వాటి మెడలూ నాతో పాటే తిరుగుతున్నాయి. సూర్యుడికి రోషమొచ్చి వేళకి ముందే దిగిపోయాడు. మాద్రిద్ జనం చీకట్లో భోజనం చేశారు. అలాంటిదాన్ని నేను! నీ బామ్మకి పసుపు గౌనేం ఖర్మ, పసుపు టోపీ, పసుపు చెప్పులు కూడా కుట్టించు!"

ఐతోర్ ముఖం వెలిగిపోయింది. "అయితే ఈ వేషం మీదే, దోన్యా ఫిలో! రేపే రిహార్సల్."

"ధైర్యమంటే నీదే ఫిలో," అంది సతుర్నినా. "అన్నట్టు, మా కోడలికి కొన్నాను, ఎలా ఉందో చూడు," అంటూ సంచిలోంచి ఒక శాలువా తీసి బల్ల మీద పరిచింది. నిమ్మపండు లాంటి పచ్చటి పసుపు.

ఫిలోమెనా లేచింది. ఒక చెయ్యి గుండె మీదికీ, ఒకటి గాల్లోకీ పోయాయి. పెదవులు కదిలాయి, మాట రాలేదు. తలుపు కోసం చూస్తున్నదానిలా ఒక్కసారి చుట్టూ చూసి, మోకాళ్ళ మీదికి వాలి, అక్కణ్ణుంచి మెల్లగా పక్కకి ఒరిగి నేల మీద పడిపోయింది. ఎలాదియో ట్రే కింద పెట్టి టోపీ తీసేశాడు.

ఆమె కన్ను కొద్దిగా తెరుచుకుంది.

చప్పట్లు మారుమోగిపోయాయి. వంటింట్లోంచి కూడా జనం వచ్చి కొట్టారు. ఐతోర్ కుర్చీ ఎక్కేశాడు. "నాకు కావలసిన చావు ఇదే! గౌను ఏ రంగైనా సరే, దోన్యా ఫిలో, మీకు నచ్చిన రంగే! నాకు మీరు కావాలి!"

"విన్నావా సతూర్?" అంది ఫిలోమెనా నేల మీంచే, గొప్పగా. "అంతా నటన! నీ సంచిలో ఏముందో పొద్దున్నే కనిపెట్టాను. కుర్రాడికి మచ్చు చూపిద్దామని పడ్డాను."

"నటనే అయితే లే మరి."

"లేస్తాను. ముందు ఆ శాలువా లోపల పెట్టు."