ఇమాముగారు కాదనలేదు

తోజర్ ఊరి ఒయాసిస్సులో ఆ మొగుడూ పెళ్లాలిద్దరూ, ఈ వసంతంలో అతను సగం ఎక్కి దిగిపోయిన ఖర్జూరపు చెట్టు కిందే కూర్చున్నారు.

"థూ! పంది కవాటమా? నా గుండెలోనా?"

"నీది సున్నం పట్టి బిగుసుకుపోయిందన్నాడుగా డాక్టరు."

"తోటలోని పిలకల్ని కుళ్లగించే అడవిపందుల్ని ముప్ఫై ఏళ్లుగా రాళ్లతో తరుముతున్నా. ఇప్పుడా పందే నా గుండెలో కాపురం పెడుతుందా? ఛీ!"

"ఇనపది పెట్టించుకో మరి."

"దానికి చచ్చేదాకా రక్తం పలచబడే మాత్రలు మింగాలి. ముల్లు గీసుకున్నా నెత్తురాగదు. ఇంకేం చెట్టెక్కుతాను?"

"ఇమాముగారేమన్నారు?"

"ప్రాణం కోసమైతే తప్పులేదన్నాడు. ఆ మాట వినగానే లేచొచ్చేశా."

"ఆయన వద్దంటాడనే కదూ వెళ్లావు?"

"నోర్ముయ్."

"పొద్దున డాక్టరుకి ఫోన్ చేశా. ఆవుది కూడా ఉందట. గురువారం రమ్మన్నాడు."

"ఆవుదా?"

"ఆవుదే. ఇప్పుడు దేన్ని చూసి థూ అంటావు?"

"ఏ ఆవో, ఏం గడ్డి తిందో... యాక్!"

"ఇదిగో, ఇటు చూడు. కాపు కోసం పోతుచెట్టు పుప్పొడి గుత్తులు కట్టడానికి నువ్వు పైకెక్కితే కిందనుంచి నేను పిలుస్తా, నువ్వు పలుకుతావు. పెళ్లయిన్నాటి నుంచీ అంతే. సగంలో దిగిపోయిన ఆ రోజు మూడుసార్లు పిలిచినా పలకలేదు. ఎందుకో ఇప్పటికీ చెప్పలేదు."

"ఊపిరాడలేదు."

"దిగాక ఆడిందిగా? అప్పుడైనా చెప్పొచ్చుగా?"

"...భయమేసింది. ఇప్పుడూ వేస్తోంది."

"ఆ ఒక్క ముక్క చెప్పడానికి పందినెందుకయ్యా అన్నేసి తిట్లు తిట్టావు?"