హమ్మాదీ ఛాతీ కోయని రోజు

అధ్యక్షులు, మా గురువుగారు డాక్టర్ తౌఫీక్ మస్మూదీ గారికి, ఆసుపత్రి పెద్దలకు, ఈ రిటైర్మెంటు రోజుదాకా నన్నిన్నేళ్లు భరించిన సహోద్యోగులకు, గాబెస్ నుంచి వచ్చిన హమ్మాదీ కుటుంబానికి సలాం. ఇందాకటి నుంచీ నన్ను పొగిడినవారిలో ఒక్కరూ నా కోపం ఊసెత్తలేదు. మన స్ఫాక్స్ ఊరి మర్యాదంటే ఇదే! (నవ్వులు)

హమ్మాదీ అద్దె కారు నడిపేవాడు. ఆలివ్ కోతల కాలంలో ట్రాక్టరును తప్పించబోయి గోడకు గుద్దేశాడు. స్టీరింగు ఛాతీకి తగిలి, గుండె నుంచి ఒంటికి రక్తం మోసుకెళ్లే పెద్ద ధమని లోపలి పొరలు చిట్లాయి. పైపొర ఒక్కటే రక్తాన్ని ఆపుతోంది. ఊపిరితిత్తులు నలిగిపోయాయి కాబట్టి ఛాతీ కోస్తే తట్టుకోలేడు. ఊరుకుంటే ఆ పొర ఏ క్షణాన పగులుతుందో తెలియదు.

తొడ దగ్గర చిన్న గాటు పెట్టి, ముడిచిన గుడ్డ గొట్టాన్ని రక్తనాళంలోంచే పైకి పంపి, చిట్లినచోట విప్పుదామన్నాను. ఫ్రాన్సులో, మార్సెయ్‌లో నేర్చుకున్న పని. ఇక్కడ అంతవరకూ ఎవరూ చేయలేదు.

హమ్మాదీ భార్య మబ్రూకా నన్ను నిలదీసింది.

"మా ఆయన మీద నేర్చుకోవట్లేదు కదా?"

"లేదక్కా. నేర్చుకునే వచ్చాను."

"అయితే చెయ్యి. చెయ్యి వణికిందో, ఊరుకోను!"

మబ్రూకా, నవ్వకు, అన్నావా లేదా? (నవ్వులు) ఆ నొప్పిలోనూ హమ్మాదీ, "తలుపుండగా కిటికీలోంచి దూరతావా డాక్టరమ్మా? దొంగల్ని మించిపోయావు!" అన్నాడు.

మస్మూదీ గారు చేతులకు తొడుగులు వేసుకుని నా పక్కనే నిలబడ్డారు. "తేడా వస్తే నేను కోస్తాను. నువ్వు ఎక్స్‌రే తెర చూడు రౌదా, నన్ను కాదు," అన్నారు. రక్తపోటు తగ్గించి గొట్టం విప్పాను. రక్తనాళం కనబడేలా రంగుమందు ఎక్కించి తెరమీద చూస్తే, అంతకుముందు పక్కకు ఉబ్బిన నీడ లేదు. రక్తం తిన్నగా పారుతోంది. గురువుగారు నర్సుతో మెల్లగా, "కత్తులు తీసేయమ్మా," అన్నారు. నాకెన్నో పతకాలు వచ్చాయి గురువుగారూ. ఏదీ ఆ మాటకు సాటి రాలేదు. మరుసటి కోతలకు హమ్మాదీ మళ్లీ బండెక్కాడు.

ఉండండి, తలుపు దగ్గర ఆపరేషన్ గది నుంచి వచ్చిన నిజార్ చేతులూపుతున్నాడు. పొద్దున్నుంచీ నా శిష్యురాలు ఇనెస్, నేను పక్కన లేకుండా మొదటిసారి ఇదే ఆపరేషన్ చేస్తోంది. ఏమైందయ్యా?

"అయిపోయిందమ్మా! చుక్క లీకు లేదు!"

మధ్యలో నన్ను పిలవమందా?

"మీ పేరే ఎత్తలేదమ్మా!" (నవ్వులు, చప్పట్లు)

విన్నారుగా! నేనింక నిశ్చింతగా ఇంటికి పోవచ్చు. మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.