తడి తగలని గిన్నె

మిక్సీలో ఎండుకొబ్బరి కోరు వెన్నలా మారుతుండగా కోడలు ఉన్నట్టుండి స్విచ్చి ఆపేసింది.

"ఆపావేం? ఇంకాస్త తిప్పితే పల్చబడుతుంది."

"అత్తయ్యా, నిన్న ఈ గిన్నెలో వేరుశనగలు పట్టారు కదూ?"

"పట్టాను. అయితే?"

"కడిగారా?"

"తడి తగిలితే వెన్న నిలవుంటుందా? పొడిగుడ్డతో అద్దంలా తుడిచాను. ఇన్నేళ్లుగా చేస్తున్నదాన్ని, నాకు చెప్పొచ్చావు."

"పొద్దున మొదటి వాయి పైవాటా టీచరమ్మ తీసుకెళ్లింది. వాళ్ల పాపకి వేరుశనగ పడదనే కదా మన దగ్గర కొబ్బరి వెన్న కొంటోంది. పోయినసారి నలుసంత తిని, ఊపిరాడక ఆస్పత్రిలో పడింది."

అత్త చేతిలోని గరిటె గట్టు మీద పెట్టేసింది.

"ఫోన్ చెయ్యి. పాప బడి నుంచి వచ్చే వేళయింది."

"మోగుతోంది... ఎత్తడం లేదు."

"మళ్లీ చెయ్యి."

కోడలు మళ్లీ చేసింది. రెండు మాటలు విని, ఫోన్‌కి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"పాప ఇంకా రాలేదట. కొబ్బరి చేదుగా ఉందని చెప్పి తినిపించొద్దంటాను. మీ మాట బయటికి రాదు."

"వద్దమ్మా. చేదంటే సీసా ఒక్కటే పారేస్తుంది. వేరుశనగలు పట్టిన గిన్నె మా అత్త కడగలేదని చెప్పు, అందులో ముంచిన చెంచా కూడా పారేస్తుంది."